కురచ చేసిన శక్తిమాన్‌కి 14.00-20 టైర్లు పడతాయా?

లంకబండి:
అందరికీ నమస్కారం. మాది తోట్లవల్లూరు వైపు. లంకలో పసుపు, కంద, అరటి వేస్తాం. ఆర్మీ డిస్పోజల్‌లో వచ్చిన పాత శక్తిమాన్ లారీని నాన్నగారు కొని, లంక డొంకల్లో తిరగదని ఛాసిస్ కోయించి కురచ చేయించారు. ఇంజను బాగుంది, ఫోర్ వీల్ పడుతోంది. తంటా అంతా పాయ దాటేటప్పుడే. లోడుతో ఉంటే ఇసుకలో కూరుకుపోతోంది. మొన్న సగం అరటి గెలలు దించి ట్రాక్టరుతో లాగించాం.

ఇప్పుడున్నవి 11.00-20 (టైరు వెడల్పు 11 అంగుళాలు, రిమ్ము 20 అంగుళాలు), వెనక కూడా సింగిల్ టైర్లే. ఆటోనగర్‌లో ఒకాయన 14.00-20 ఆర్మీ టైర్లు నాలుగు, రిమ్ములతో సహా ఇస్తానంటున్నాడు. రెండు దాదాపు కొత్తవి, రెండు సగం అరిగాయి. "మడ్‌గార్డు కాస్త కోస్తే చాలు, పడిపోతాయి" అంటున్నాడు. నిజమేనా?

మాజీ ఈఎంఈ, గుంటూరు:
బాబూ, అమ్మేవాడికి ఏ టైరైనా పడుతుంది. ముందు ఒకటి చెప్పు, ఇసుకలోకి ఎంత గాలితో దిగుతున్నావు?

లంకబండి:
రోడ్డు మీద ఎంతో అంతేనండీ, 90.

మాజీ ఈఎంఈ, గుంటూరు:
అనుకున్నా. టైర్ల సంగతి తర్వాత, పాయ దగ్గర ఆగి గాలి సగానికి దించు. టైరు నేలను పరుచుకుని పట్టుకుంటుంది. నెమ్మదిగా పో, చక్రం గిర్రున తిప్పకు. తక్కువ గాలిలో టైరు రిమ్ము మీద జారితే ట్యూబు మూతి తెగుతుంది. గట్టు ఎక్కగానే మళ్ళీ నింపాలి, కాబట్టి చిన్న కంప్రెసర్ ఒకటి బండిలో పడేసుకో. సగం గొడవ దీంతోనే పోవచ్చు.

అయినా పెద్దవే కావాలంటే విను. 11.00-20 ఎత్తు సుమారు 108 సెం.మీ., 14.00-20 సుమారు 125. అంటే బండి ఎనిమిదిన్నర సెం.మీ. పైకి లేస్తుంది, గేర్లన్నీ 15 శాతం బరువవుతాయి. స్పీడోమీటరు 40 చూపిస్తే నువ్వు 46లో ఉన్నట్టు. బ్రేకు పట్టు కూడా ఆ మేరకు తగ్గుతుంది. కురచ బండి బ్రేకు కొట్టగానే ముక్కు మీదకి వాలుతుంది, పైగా ఎత్తు పెరిగింది. కట్ట మీద ఒక పక్కకి ఒరిగినప్పుడు తెలుస్తుంది సంగతి. టైరు, రిమ్ము కలిపి 150 కేజీల పైమాటే, స్టీరింగు తిప్పలేక నీ భుజాలు పడిపోతాయి.

మడ్‌గార్డు సంగతి కొనకముందే తేల్చుకో. ప్యాకింగ్ ప్లైవుడ్‌లో 125 సెం.మీ. చక్రాలు రెండు కోసి, మధ్యలో చెక్కలు పెట్టి 37 సెం.మీ. వెడల్పు వచ్చేలా బిగించు. ముందు చక్రం ఊడదీసి దీన్ని హబ్బుకి తగిలించు, రిమ్ము ఆఫ్‌సెట్ (హబ్బు నుంచి చక్రం ఎంత లోపలికో, బయటికో ఉండేది) కొలిచి, ఇది కూడా సరిగ్గా అక్కడే ఉండేలా బిగించు. యాక్సిల్‌ని జాకీతో లేపి, కమాను రబ్బరు బంపుకి తగిలే దాకా పోనిచ్చి, స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పు. మడ్‌గార్డు కాదు, నాకు అనుమానం కమాను కట్టల దగ్గరే. మడ్‌గార్డు కోయొచ్చు, కమాను కోయలేవుగా.

ఇక అసలు మాట. ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ ఒకే లెక్కన తిరగాలి. టైరు 1 సెం.మీ. అరిగితే చుట్టుకొలత 6 సెం.మీ. పైనే తగ్గుతుంది. ఆ తేడా ఇసుకలో జారి సర్దుకుంటుంది, గట్టి నేల మీద ఆ భారమంతా ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్ళకి బలం పంచే గేరు పెట్టె) మీద పడుతుంది. నాలుగింటికీ సమానంగా గాలి పెట్టించి టేపుతో చుట్టూ కొలువు. గాలి పట్టేటప్పుడు మాత్రం రిమ్ము రింగుకి (టైరును రిమ్ములో పట్టి ఉంచే ఇనప రింగు) ఎదురుగా ఎవరూ నిలబడొద్దు, చక్రాన్ని కేజ్‌లో (ఇనప బోనులో) పెట్టించు. ఆ రింగు ఎగిరితే ప్రాణం మీదకొస్తుంది.

బ్రాడీపేట బుల్లెట్:
కాగితాల సంగతి కూడా చూసుకోండి అన్నా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఛాసిస్ కోసిన సంగతి ఆర్‌సీలో ఎక్కిందా? రేపు కరకట్ట మీద ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే. లంకలో తిరిగితే పర్లేదని అందరూ అంటారు, కానీ లంకకి పోవాలంటే రోడ్డెక్కాలిగా.

లంకబండి:
ఆర్‌సీలో పాత వీల్‌బేసే ఉందండీ. ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు) ఆఫీసుకి వెళ్ళి అడుగుతా.

ఆటోనగర్ వెళ్ళి టేపు పెట్టి కొలిచా. కొత్తవాటికీ అరిగినవాటికీ ఐదున్నర సెం.మీ. తేడా వచ్చింది. ఆయనేమో "కొత్తవి ముందు వేసుకో, పాతవి వెనక" అంటాడు.

మాజీ ఈఎంఈ, గుంటూరు:
సరిగ్గా అదే చేయకూడనిది! రెండు యాక్సిళ్ళకి రెండు లెక్కలవుతాయి. ఒక పక్క కొత్తవి, ఒక పక్క పాతవి వేస్తే డిఫరెన్షియల్ (ఒకే యాక్సిల్ మీది రెండు చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) సర్దుకుంటుంది గానీ బండి పక్కకి లాగుతుంది. ఆ సెట్టు వదిలెయ్. 12.00-20 నాలుగూ ఒకేలా ఉన్నవి వెతుకు. ఎత్తు 4 సెం.మీ. మాత్రమే పెరుగుతుంది, రేడియస్‌లో రెండే, మడ్‌గార్డు జోలికి పోనక్కర్లేదు. దానికి 8.5 అంగుళాల రిమ్ము సరైనది, నీ పాత రిమ్ము వెడల్పు ఎంతో కొలిచి చెప్పు.

లంకబండి:
ఎనిమిదండీ. గాలి దించి నిన్న ఖాళీ బండితో పాయ దాటాను, ఆగలేదు. గెలలు కోసే రోజున లోడుతో చూసి, అప్పుడు రిమ్ముల సంగతి అడుగుతా.