సూపర్‌మ్యాన్ క్రిస్టఫర్ రీవ్‌కి నిజంగా శాపం తగిలిందా? తెలిసినవాళ్లు చెప్పండి

అనంతపురం కుర్రోడు:

అన్నలూ అక్కలూ, ఒక డౌటు. 2025లో వచ్చిన కొత్త సూపర్‌మ్యాన్ చూసొచ్చాక మా రూములో పాత సూపర్‌మ్యాన్ క్రిస్టఫర్ రీవ్ మీద పెద్ద వాదనే నడిచింది. ఒకడేమో ఆ డ్రెస్సు వేసుకున్నోళ్లకి అచ్చిరాదు, శాపం ఉంది అంటాడు. ఇంకొకడు, అంతకుముందు టీవీలో సూపర్‌మ్యాన్ వేసి తుపాకీ గుండు తగిలి చనిపోయినాయన కొడుకే ఈయన అంటాడు. నాకు తెలిసిందల్లా ఈయన గుర్రం మీద నుంచి పడి వీల్‌చైర్‌కి పరిమితమయ్యాడని.

అంత అందగాడు, ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, ఒక్క సినిమాతో ప్రపంచమంతా తెలిసినోడు, మరి పడకముందు కూడా పెద్ద హీరోగా ఎందుకు నిలదొక్కుకోలేదు? ఇంకో సంగతి కూడా అడగాలి. మా చిన్నాన్న కొడుకు పోయిన ఏడాది బైకు యాక్సిడెంటులో మెడ దెబ్బతిని మంచం మీదే ఉన్నాడు. చేతులు కొంచెం కదులుతాయి, ఛాతీ కింద స్పర్శ లేదు. వాడికి సూపర్‌హీరో సినిమాలంటే ప్రాణం. వాడికి రీవ్ సంగతి చెప్తే ధైర్యం వస్తుందా, లేక ఇంకా కుంగిపోతాడా? ఇదొక్కటి మాత్రం ఆలోచించి చెప్పండి.

ప్రొద్దుటూరు మ్యాట్నీ:

కొడుకు కాదు తమ్ముడూ, చుట్టం కూడా కాదు. టీవీ సూపర్‌మ్యాన్ జార్జ్ రీవ్స్. ఆయన 1959 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో తన ఇంట్లోనే తుపాకీ గుండు తగిలి చనిపోయాడు. మన క్రిస్టఫర్ 1952లో న్యూయార్క్‌లో పుట్టాడు, వాళ్ల నాన్న ఫ్రాంక్లిన్ రీవ్ కవి, రష్యన్ సాహిత్యం చెప్పే ప్రొఫెసర్.

శాపం అనేది నేను అస్సలు ఒప్పుకోను. ఆ సినిమాలకి వందలమంది పనిచేశారు, వాళ్లలో కష్టాలు పడ్డ ఇద్దరు ముగ్గుర్ని ఏరి ఒక వరసలో నిలబెడితే ఏ సినిమాకైనా శాపం పుట్టించొచ్చు. 1978 సినిమా తీసిన డైరెక్టర్ రిచర్డ్ డోనర్ 91 ఏళ్లు బతికాడు, ఆయన్ని ఎవరూ ఆ లెక్కలో వేయరు. మన దగ్గర 1980లో ఎన్టీఆర్ సూపర్‌మ్యాన్ పేరుతోనే సినిమా చేసి, మూడేళ్లకే ముఖ్యమంత్రి అయ్యారు. అట్లని దాన్ని వరం అంటామా? గుర్రం ఆగింది, మనిషి పడ్డాడు, అంతే జరిగింది. దానికి శాపం అని పేరు పెడితే తర్వాత తొమ్మిదేళ్లు ఆయన చేసిన పనంతా పక్కకి పోతుంది, నాకు కోపం వచ్చేది అందుకే.

నువ్వు చూసొచ్చిన కొత్త సినిమాలో టీవీ రిపోర్టరుగా ఒక్క క్షణం కనిపించే అబ్బాయి విల్ రీవ్, క్రిస్టఫర్ చిన్న కొడుకు. బయట కూడా ఆయన టీవీ జర్నలిస్టే.

కడప నాటకాలు:

నేను ముప్పై ఏళ్లుగా పరిషత్తు నాటకాలు ఆడుతున్నాను, కాబట్టి నటన సంగతి నేను రాస్తాను.

రీవ్‌ని అందరూ కండలున్న అందగాడని అనుకుంటారు గానీ ఆయన మూలంలో స్టేజీ నటుడు. కార్నెల్ యూనివర్సిటీలో చదివి, 1973లో న్యూయార్క్‌లోని జూలియార్డ్ అనే పేరున్న నటన బడిలో చేరాడు, తర్వాత హాస్యనటుడిగా పేరుపొందిన రాబిన్ విలియమ్స్ అక్కడ ఆయన సహపాఠి, ఆ స్నేహం చచ్చేదాకా పోలేదు. 1976లో న్యూయార్క్ పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వేలో క్యాథరిన్ హెప్‌బర్న్ లాంటి మహానటి పక్కన వేషం వేశాడు. సూపర్‌మ్యాన్‌కి పిలుపు వచ్చేనాటికి సన్నగా, బక్కగా ఉన్నాడు. డ్రెస్సు లోపల దూది కండలు పెడతామంటే వద్దని, ఇంగ్లండులో డేవిడ్ ప్రౌజ్ దగ్గర కసరత్తు చేసి ఒళ్లు పెంచాడు. ఆ ప్రౌజ్ ఎవరో కాదు, స్టార్ వార్స్‌లో డార్త్ వేడర్ ముసుగు వెనక నిలబడ్డ మనిషి. డబ్బు సంగతి కూడా వినండి, కాసేపే కనిపించే మార్లన్ బ్రాండోకి 37 లక్షల డాలర్లు, లాభాల్లో వాటా. టైటిల్ పాత్ర మోసిన రీవ్‌కి మొదటి రెండు సినిమాలకీ కలిపి రెండున్నర లక్షలు.

ఇప్పుడు అసలు విషయం. మొదటి సినిమాలో, సూపర్‌మ్యాన్ ప్రేమించే విలేకరి లోయిస్ ఇంట్లో ఒక సీను ఉంది. ఆ అమ్మాయి పక్క గదిలోకి వెళ్తుంది, క్లార్క్ కెంట్, అంటే కళ్లజోడు పెట్టుకుని మామూలు మనిషిలా తిరిగే సూపర్‌మ్యానే, ఒక్కడే నిలబడి ఉంటాడు. నిజం చెప్పేద్దామనుకుని కళ్లజోడు తీస్తాడు. చూడండి, అప్పటిదాకా వంగిన భుజాలు వెనక్కి పోతాయి, మెడ నిలుస్తుంది, ఛాతీ నిండుతుంది, గొంతు ఒక మెట్టు కిందికి దిగుతుంది, మనిషి రెండంగుళాలు పెరిగినట్టు ఉంటాడు. గ్రాఫిక్స్ లేవు, కట్ కూడా లేదు. తర్వాత ధైర్యం చాలక మళ్లీ కళ్లజోడు పెట్టుకుంటాడు, ఆ శరీరం అలాగే ముడుచుకుపోతుంది. కళ్లజోడు పెట్టుకుంటే గుర్తుపట్టరా అని జనం నవ్వే విషయాన్ని ఆయన ఒంటితో నమ్మించేశాడు. మాయాబజార్‌లో సావిత్రి గారు ఉన్నట్టుండి ఘటోత్కచుడి నడక, చూపు తెచ్చుకుంటారే, ఆ జాతి పని ఇది. మా కుర్రాళ్లకి రిహార్సల్లో ఈ రెండూ చూపిస్తాను.

ఎగరడం కూడా నటనే. పైన్‌వుడ్ స్టూడియోలో తీగలకి వేలాడదీసి తీశారు. ఎంతమంది టెక్నీషియన్లున్నా వేలాడే మనిషి బరువు లేనట్టు కనబడాలి కదా. ఆయనకి విమానం నడపడం వచ్చు, చిన్న విమానంలో ఒంటరిగా అట్లాంటిక్ దాటాడు. అందుకే మలుపులో ఒళ్లు ఎటు వాలాలో ఆయనకి తెలుసు.

ఇక ఎందుకు నిలదొక్కుకోలేదు అంటే, నా అభిప్రాయంలో అది ఆయన చేతకానితనం కాదు. 1980లో రొమాంటిక్ కథ సమ్‌వేర్ ఇన్ టైమ్ చేస్తే అప్పుడు ఆడలేదు, తర్వాతెప్పుడో దానికి వీరాభిమానులు పుట్టారు. 1982లో డెత్‌ట్రాప్‌లో మైఖేల్ కెయిన్‌కి ఎదురుగా, మంచివాడో చెడ్డవాడో తేలని పాత్ర చేశాడు, అందులో మాత్రం దుమ్ము లేపాడు. 1987లో వచ్చిన నాలుగో సూపర్‌మ్యాన్‌కి ఒప్పుకుంటూ తనకి నచ్చిన ఒక కథ తీయాలని షరతు పెట్టాడు, అదే స్ట్రీట్ స్మార్ట్. ఆ సినిమా రీవ్‌కి పెద్దగా పనికిరాలేదు గానీ మోర్గాన్ ఫ్రీమన్‌కి మొదటి ఆస్కార్ నామినేషన్ తెచ్చిపెట్టింది. నాలుగో సూపర్‌మ్యాన్ కథలో అణ్వాయుధాలు వద్దనే ఆలోచన ఆయనదే, కానీ నిర్మాతలు బడ్జెట్ సగానికి సగం కోసేస్తే తీగలు కనబడే సినిమా మిగిలింది. జనం ఆయన్ని ఆ ఎర్ర దుప్పటితోనే చూడాలనుకున్నారు. కృష్ణుడి వేషం వేసి మెప్పించిన నటుడికి మా వైపు ఊళ్లలో మళ్లీ కృష్ణుడే ఇస్తారు, ఇది ఆ బాధే. 1993లో ది రిమెయిన్స్ ఆఫ్ ది డేలో అమెరికన్ రాజకీయ నాయకుడిగా చిన్న పాత్రలో ఎంత కుదురుగా చేశాడో చూస్తే, నలభై దాటాకే ఆయనకి అసలైన పాత్రలు మొదలవుతున్నాయని అర్థమవుతుంది. ఇంకో రెండేళ్లకి పడ్డాడు.

కర్నూలు ఫిజియో:

తమ్ముడూ, మీ చిన్నాన్న కొడుకు గురించి అడిగావు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. నేను వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లతోనే పనిచేస్తాను.

1995 మే 27న, వర్జీనియాలో కల్‌పెపర్ అనే చోట, గుర్రం మీద అడ్డాలు దూకే పోటీలో, దూకాల్సిన అడ్డం ముందు గుర్రం హఠాత్తుగా ఆగిపోయింది. ఆయన చేతులు కళ్లెంలో చిక్కుకున్నాయి, నేలకి ఆనించే వీలు లేక తల మీద పడ్డాడు. మెడలో పైనున్న మొదటి రెండు పూసలు విరిగాయి. మనం ఊపిరి తీసుకునేటప్పుడు కదిలే డయాఫ్రమ్ కండరానికి నరం మెడలోని మూడు, నాలుగు, అయిదు స్థాయిల నుంచి వస్తుంది. ఆయన దెబ్బ దానికంటే పైన, అందుకే కాళ్లూ చేతులతో పాటు ఊపిరి కూడా పోయి వెంటిలేటర్ కావాల్సి వచ్చింది. మీవాడికి చేతులు కొంచెం కదులుతున్నాయంటే దెబ్బ ఇంకా కింద తగిలింది. ఊపిరి సొంతం, చేతుల్లో మిగిలిన శక్తి సొంతం. రెండు కేసులూ ఒకటి కావు, ముందు ఇది మీ ఇంట్లో అందరికీ అర్థం కావాలి.

చెప్పొచ్చా అంటే, తప్పకుండా చెప్పు. కానీ ఏం చెప్తావు అనేదే ముఖ్యం. రీవ్ మళ్లీ నడుస్తానని గట్టిగా అనేవాడు, 2000లో ఒక టీవీ ప్రకటనలో కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో లేచి నడిచినట్టు చూపించారు కూడా. దాని మీద విమర్శలు వచ్చాయి. లేనిపోని ఆశ పెడుతున్నారని కొందరు, నడవకపోయినా మా బతుకు బతుకే కదా అని వికలాంగుల హక్కుల వాళ్లు కొందరు అన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. సూపర్‌మ్యాన్‌లాగా లేచి నడుస్తావురా అని మీవాడితో మాత్రం అనొద్దు. దాని బదులు ఆయన రోజూ ఏం చేశాడో చెప్పు. కరెంటు ప్రేరణతో కండరాలు కదిలించే సైకిలు తొక్కాడు, వెంటిలేటర్ తీసి ఎంతసేపు ఊపిరి పీల్చగలనో సాధన చేశాడు. 2000లో ఎడమచేతి చూపుడువేలు తన ఇష్టప్రకారం కదిలింది. ఒంట్లో స్పర్శ కూడా చాలా భాగం వెనక్కి వచ్చింది. రెండేళ్లు దాటితే ఇక ఏమీ రాదని అప్పట్లో డాక్టర్లు అనుకునేవారు. అయిదేళ్ల తర్వాత కదిలిన ఆ వేలు మా వృత్తిలో చాలామంది ఆలోచన మార్చింది. ఆయనకి డబ్బు, మనుషులు, మిషన్లు ఉన్నాయి, అది కూడా దాచకుండా చెప్పు.

ఆయన 2004 అక్టోబరు 10న, 52 ఏళ్లకే పోయాడు. మంచాన ఉండి పడే పడక పుండుకి ఇన్ఫెక్షన్ వచ్చింది, దానికి మందు ఇచ్చాక గుండె ఆగి కోమాలోకి వెళ్లి మళ్లీ లేవలేదు. ఇరవైనాలుగు గంటలూ నర్సులున్న మనిషికే పుండు పడిందంటే మన ఇళ్లలో ఎంత జాగ్రత్త కావాలో చూడు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. గాలి పరుపు ఉన్నా తిప్పాల్సిందే. రోజూ పిరుదులు, నడుము కింది ఎముక, మడమలు టార్చి వేసి చూడాలి. ఎర్రగా అయి నొక్కినా రంగు మారకపోతే ఆ భాగం మీద బరువు పడనీయకండి, డాక్టరుకి చూపించండి. ఇంకొకటి, మెడ దెబ్బ ఉన్నవాళ్లకి ఉన్నట్టుండి విపరీతమైన తలనొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు పట్టడం జరిగితే బీపీ ఎగబాకిందని అర్థం. వెంటనే లేపి కూర్చోబెట్టి, మూత్రం పైపు మడత పడిందేమో, నిండిపోయిందేమో చూడండి. తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి, ఆలస్యం చేయకూడదు.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట. హైవే మీద బైకు పడినా, చింతకాయలు రాల్చడానికి చెట్టెక్కి జారినా, మనవాళ్లు కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో మడిచి కూర్చోబెడతారు. మంచి మనసుతోనే చేస్తారు, కానీ విరిగిన పూస లోపలి నరాన్ని నలిపేది అప్పుడే. మెడా తలా ఒకే వరసలో కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయండి. తలుపు రెక్కయినా సరే, చెక్క మీద పడుకోబెట్టే తీసుకెళ్లాలి.

ఆదోని అక్క:

తమ్ముడూ, మా ఇంటాయన ఆరేళ్లుగా వీల్‌చైర్‌లో ఉన్నాడు, అందుకని రాస్తున్నా. వీళ్లందరూ రీవ్ గురించి చెప్పారు, ఆయన భార్య డేనా గురించి ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రిలో రీవ్‌కి స్పృహ వచ్చి సంగతి తెలిశాక, నన్ను పోనిస్తే మంచిదేమో అన్నాడంట. నీ నిర్ణయం ఏదైనా నీ పక్కనే ఉంటా, కానీ నువ్వు ఇంకా నువ్వే, నిన్ను ప్రేమిస్తున్నా అని ఆమె చెప్పింది. తర్వాత ఆయన తన పుస్తకానికి పేరు కూడా ఆ మాట నుంచే పెట్టుకున్నాడు. ఆపరేషన్‌కి ముందు రాబిన్ విలియమ్స్ రష్యన్ డాక్టరు వేషంలో గదిలోకి వచ్చి నవ్వించాడు, పడ్డాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. మీవాడి దగ్గరికి వచ్చేవాళ్లు అయ్యో పాపం అని నిలబడి పోతుంటారు, మా ఇంట్లోనూ అదే తంతు. పాత దోస్తుల్ని పిలిచి కూర్చోబెట్టు, సినిమాలే మాట్లాడనీ.

డేనా సిగరెట్టు తాగేది కాదు, అయినా ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చి 2006 మార్చిలో 44 ఏళ్లకే పోయింది. చూసుకునే మనిషి ఒళ్లు కూడా ఎవరో ఒకరు చూడాలి. మీ చిన్నమ్మని వారానికి ఒక పూటైనా పడుకోనివ్వండి, ఆ పూట నువ్వు కూర్చో.

వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్ ఉందా? మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకి 2024 నుంచి పింఛను నెలకి 15,000. సచివాలయంలో అడగండి.

అనంతపురం కుర్రోడు:

అక్కా, అన్నలూ, చాలా థ్యాంక్స్. సదరం ఉంది గానీ పింఛను ఇంకా పాత రేటుకే వస్తోంది, సోమవారం సచివాలయానికి వెళ్తాను. ఫిజియో అన్న రాసింది మా చిన్నమ్మకి చదివి వినిపించాను, తలనొప్పి సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదంట. వాడు ఒకటే అడిగాడు, కుర్చీలో కూర్చున్నాక ఆయన మళ్లీ సినిమా చేశాడా అని.

కడప నాటకాలు:

చేశాడని చెప్పు. పడిన పది నెలలకే 1996 మార్చిలో ఆస్కార్ వేదిక మీదికి వచ్చాడు, హాలంతా లేచి నిలబడింది. 1997లో ఇన్ ది గ్లోమింగ్ అనే టీవీ సినిమాకి దర్శకత్వం వహించాడు, మానిటర్ ముందు కుర్చీలోంచే, మాటతోనే. దానికి అయిదు ఎమ్మీ నామినేషన్లు వచ్చాయి, ఎమ్మీ అంటే అమెరికా టీవీ అవార్డు. 1998లో రియర్ విండో మళ్లీ తీస్తే తనే హీరో, ఆ వేషానికి అమెరికా నటుల సంఘం అవార్డు ఇచ్చింది. వెంటిలేటర్ గాలి లయని బట్టి మాట్లాడాలి కాబట్టి వాక్యాన్ని ఎక్కడ విరవాలో ముందే లెక్క వేసుకుని డైలాగు చెప్పేవాడు, మేము స్టేజీ మీద ఊపిరి పట్టి పద్యం ఎత్తుకోవడానికి ఎంత అవస్థ పడతామో నాకు తెలుసు, ఇది దానికి పదింతలు.

మొదట 1978 సినిమా పెట్టు, నేను చెప్పిన కళ్లజోడు సీను దగ్గర ఆపి రెండుసార్లు చూపించు. తర్వాత డెత్‌ట్రాప్, ఆపైన రియర్ విండో. మూడోది, నాలుగోది సూపర్‌మ్యాన్‌లు వాడు అడిగితే తప్ప వద్దు. వాడికి నటన మీద మాట్లాడాలనిపిస్తే ఇక్కడే రాయమను, నేను రోజూ రాత్రి తొమ్మిది తర్వాత చూస్తుంటాను.