జిగురు కాగితం మీద ప్లూటో: అది ఆలోచనా, ఒట్టి అవస్థా?

గోదారిగట్టు:
1934లో వచ్చిన ‘ప్లేఫుల్ ప్లూటో’ మిక్కీ మౌస్ కార్టూనే గానీ, జనానికి గుర్తుండిపోయింది అందులోని కుక్క. మిక్కీ ఈగల కోసం పెట్టిన జిగురు కాగితం ప్లూటోకి అంటుకుంటుంది. ముక్కు వదిలించుకుంటే కాలు, కాలు వదిలించుకుంటే వెనక భాగం. మాటల్లేవు. కార్టూన్ బొమ్మ తెర మీద మొదటిసారి ఆలోచించింది ఇక్కడేనని చాలామంది రాస్తుంటారు. నేనూ అదే నమ్ముతాను. కాదనేవాళ్లుంటే చెప్పండి.

ఫ్రేములపిచ్చి:
‘మొదటిసారి’ అన్న మాట దగ్గరే నా అభ్యంతరం, గట్టుగారూ. విన్సర్ మెకే గీసిన డైనోసార్ గెర్టీ 1914 నాటిది. చెప్పిన మాట వినకుండా మొండికేస్తుంది, కసిరితే ఏడుస్తుంది. మనసు లేకుండానే ఏడ్చిందా? ఇక ఫెలిక్స్ పిల్లి సంగతి. మూకీల రోజుల్లోనే చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ పచార్లు చేస్తూ ఆలోచించేది. దాని తోకే ప్రశ్నార్థకంగా మారేది. వాటికి దక్కాల్సిన పేరు తీసుకెళ్లి ప్లూటోకి కట్టబెట్టడం అన్యాయం.

సిరిసిల్లపోరడు:
మీ ఇద్దరితోని నాకు పేచీ ఉంది అన్నా. అది ఆలోచన కాదు, అవస్థ. కాగితం అతుక్కున్నది, గుంజుతున్నడు, ఇంకోతాన అతుకుతున్నది. గంతే. 1941ల వచ్చిన ‘సల్లివాన్స్ ట్రావెల్స్’ సినిమాల ఖైదీలకు ఈ కార్టూనే చూపిస్తరు. గొలుసులతోని వచ్చి కూసున్నోళ్లు పగలబడి నవ్వుతరు. ఆలోచన చూసి ఎవరన్న అట్ల నవ్వుతరా? పక్కోడు జారిపడితే వచ్చే నవ్వు అది. దాన్ని చిన్నగ చూస్తలేను, ఆ నవ్వు పుట్టించుడు శాన కష్టం. కానీ పేరు మాత్రం సరైనది పెట్టాలె.

పనసతొనలు:
తమ్ముడూ, నూనె రాసుకోకుండా ఎప్పుడైనా పనసకాయ కోశావా? ఎడమ చేతి జిగురు కుడి చేత్తో తీయబోతావు, కుడి చేతికి పట్టుకుంటుంది. రెండు చేతులూ గాల్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగుతావు చూడు, ఇప్పుడేం ముట్టుకోవాలా అని. అది అవస్థే, ఆలోచనా అదే. మొన్న మా ఆరేళ్ల మనవరాలికి ఈ సీను చూపించాను. ప్లూటో ఇంకా కదలకముందే ‘ఆ కాలితో తీయకు, తీయకు’ అని అరిచింది. జారిపడేవాణ్ణి చూసి ఎవరూ ముందుగా అలా అరవరు. వాడేం చేయబోతున్నాడో దానికి ముందే తెలిసిపోయింది. కుక్క తలలో నడుస్తున్నది పిల్ల తలలోకి ఎలా వచ్చిందంటావు?

గోదారిగట్టు:
ఫ్రేములగారూ, ‘మొదటిసారి’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. గెర్టీని పక్కన పెట్టి మాట్లాడటం నా పొరపాటే. ఫెలిక్స్ విషయంలో మాత్రం తేడా ఉంది. తోక ప్రశ్నార్థకమైతే ‘పిల్లి ఆలోచిస్తోంది’ అని మనం చదువుకుంటాం. అది గుర్తు. ప్లూటో దగ్గర గుర్తేమీ లేదు, కొంత సమయం మాత్రమే ఉంది. చూడటం, అనుమానపడటం, ఒక నిర్ణయానికి రావడం, అది బెడిసికొట్టడం. ఆ సమయమంతా మనమూ వాడితోపాటే గడుపుతాం.

దీన్ని గీసిన నార్మన్ ఫెర్గూసన్ చిత్రకళ నేర్చుకుని వచ్చినవాడు కాదు. గీతలు గజిబిజిగా వేసేవాడు, సహాయకులు వాటిని శుభ్రం చేసేవారు. అందంగా గీయాలన్న బెంగ లేకపోవడం వల్లే ఆయన దృష్టంతా కదలిక మీదా, ఆగడం మీదా నిలిచిందని నాకనిపిస్తుంది. 1930లో ‘ద చైన్ గ్యాంగ్’లో వాసన పట్టే వేటకుక్కల్ని గీసిందీ ఆయనే, ప్లూటో పుట్టుక అక్కడే. ఈ సీను ఊహించిన కథారచయిత వెబ్ స్మిత్ పేరు కూడా తలుచుకోవాలి. దర్శకుడు బర్ట్ జిలెట్ పేరు టక్కున చెప్పేవాళ్లు కూడా ఆయన్ని మరిచిపోతారు.

ఫ్రేములపిచ్చి:
ఆ తేడా ఒప్పుకుంటాను. ఇంకో సంగతి. 1939లో ‘బీచ్ పిక్నిక్’లో ప్లూటో మళ్లీ జిగురు కాగితానికి చిక్కుతాడు, ఈసారి రంగుల్లో. పక్కపక్కన పెట్టుకుని చూశాను. నాకు నలుపు తెలుపుదే నచ్చింది. చుట్టూ కళ్లు లాగే రంగులేవీ లేకపోవడంతో చూపు తిన్నగా ముఖం మీదికే పోతుంది. మిక్కీ కార్టూన్లకు రంగు 1935లో గానీ రాలేదు. ఈ సీను అంతకు ఏడాది ముందే తయారవడం మన అదృష్టం.

సిరిసిల్లపోరడు:
అక్కా, నీ పనసకాయ ముచ్చట చదివి రాత్రి మళ్లా చూసిన, సౌండు బందు పెట్టి. పాట లేకుంటే ఒట్టి గుంజులాటే మిగులుతదనుకున్న. నవ్వొచ్చింది, అది ఎట్లయిన వస్తది. కానీ కాగితం దిక్కు చూసుకుంట వాడు ఆగినకాడ నేనుసుత ఊపిరి బిగబట్టిన. అవస్థనే అని ఇంకా అంటున్న. ఒట్టి అవస్థ అని మాత్రం అన.