వేసవి చివర, కొండల్లో, పిల్లలతో: నెగడు వేయాలా, వద్దా?

ప్రశ్న: సెలవులు ముగిసేలోగా ఒక శని, ఆదివారాలు పిల్లలతో కొండల్లో టెంటు వేసుకుని ఉండాలని అనుకుంటున్నాం. అక్కడ నెగడు వేసుకోవడానికి అనుమతి ఉంది. నెగడు లేకపోతే అది క్యాంపింగే కాదని పిల్లలు అంటున్నారు. గడ్డంతా ఎండి ఉంది, వద్దే వద్దని మా అత్తయ్య. అనుమతి ఉన్నాక ఇంకా సందేహమెందుకు అనిపిస్తోంది. మీరేమంటారు?

మొదటి జవాబు: తప్పకుండా వేయండి. ఫోన్లు పక్కన పెట్టి ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చునేది అక్కడే. నిప్పంటే భయం, భక్తి పిల్లలకు చెబితే రావు, పక్కన కూర్చుని చూస్తేనే వస్తాయి. చుట్టూ గడ్డి చెక్కేసి మట్టి తేలేలా చేయండి, బకెట్టుతో నీళ్లు దగ్గర పెట్టుకోండి. పైగా రాత్రి చలికి అదే దిక్కు.

రెండో జవాబు: ఆ చివరి మాటతోనే నా పేచీ. 1,000 మీటర్ల ఎత్తుకు వెళితే గాలి సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది, చలి నిజమే. కానీ నెగడు ముందు కూర్చుంటే మొహం మాడుతుంది, వీపు వణుకుతూనే ఉంటుంది. అసలు చలి పడుకున్నాక నేలలోంచి వస్తుంది. ఒంటి బరువుకు స్లీపింగ్ బ్యాగు అడుగు భాగం అణగిపోయి, వెచ్చదనం నిలిపే గాలి అందులో మిగలదు. పైన రెండో దుప్పటి కప్పేకన్నా కింద మందపాటి పరుపు వేయడం మేలు. పడుకునే ముందు పిల్లలకు చెమట పట్టిన బనియన్లు, సాక్సులు మార్చండి. టెంటును వాగు ఒడ్డున, లోయ అడుగున వేయకండి. రాత్రి చల్లగాలి బరువెక్కి అక్కడికే దిగుతుంది.

ఇక అనుమతి సంగతి. అది ఇచ్చినవారు ఆ సాయంత్రం గాలిని చూసి ఇవ్వలేదు. కొండల్లో పగలు పైకి వీచే గాలి పొద్దుగూకాక దిశ మార్చుకుని కిందికి వీస్తుంది. మనం నెగడు వేసేది సరిగ్గా ఆ వేళకే. వేసవి పొడవునా ఎండిన గడ్డి మీద ఒక్క రవ్వ పడితే మీ బకెట్టు ఏ మూలకు?

మూడో జవాబు: మిగిలిన నిప్పులను కుంపట్లో వేసి టెంటులో పెట్టుకుంటే సరిపోతుంది కదా?

రెండో జవాబు ఇచ్చినవారు: దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. కణకణలాడే నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. స్టవ్వు కూడా టెంటు బయటే ఉండాలి.

మొదటి జవాబు ఇచ్చినవారు: కుంపటి విషయంలో మీతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను. గాలి ఉంటే మానుకోవాలన్నదీ సరే. గాలి లేని రాత్రి కూడా మానుకోవాలంటే మాత్రం ఒప్పుకోను. చాలామంది తప్పు ఆర్పడంలోనే చేస్తారు. మట్టి కప్పి వెళ్లిపోతారు, లోపల నిప్పు గంటల తరబడి బతికే ఉంటుంది. ఆకులు మురిగి మెత్తబడిన నేలైతే వేళ్ల వెంట పాకుతుంది కూడా. నీళ్లు పోయాలి, కర్రతో కలియబెట్టాలి, మళ్లీ పోయాలి. బూడిద దగ్గరికి అరచేతి వెనకవైపు తీసుకెళితే వేడి తగలకూడదు. వాగులోని తడి రాళ్లను నెగడు చుట్టూ పేర్చవద్దు, లోపలి నీరు ఆవిరై పగిలి పిల్లల మీదికి ఎగరవచ్చు.

రెండో జవాబు ఇచ్చినవారు: ఇంత తెలిసినవారు దగ్గరుంటే వేరే మాట. మొదటిసారి వెళ్లే కుటుంబానికి ఇదంతా చీకట్లో, నిద్రమత్తులో ఉన్న పిల్లలను చూసుకుంటూ చేయమనడం ఎక్కువే. ఇంకొకటి. మంట వెలుగు చూసిన కంటికి చిన్న చుక్కలు ఆనవు. కళ్లు చీకటికి అలవాటు పడడానికి 20, 30 నిమిషాలు పడుతుంది. చందమామ లేని రాత్రి ఎంచుకుని, టార్చి కూడా ఆర్పి పడుకోబెట్టండి, పాలపుంత కనిపిస్తుంది. నెగడు ఎక్కడైనా వేసుకోవచ్చు, ఆ ఆకాశం ఊళ్లో దొరకదు.

ప్రశ్న వేసినవారు: వంట స్టవ్వు మీదే కానిస్తాం. శనివారం సాయంత్రం ఆకు కదిలినా నెగడు ఉండదని పిల్లలకు ఇప్పుడే చెప్పేశాను. పెద్దవాడు అలిగాడు. గాలి లేకపోతే మాత్రం చిన్నది వేసి, వాడి చేతే ఆర్పిస్తాను. మా అత్తయ్య ఇంకా ఒప్పుకోలేదు.