టాంగన్యికా నీటి తాచు ఎప్పుడు కనిపిస్తుంది?

ప్రశ్న: టాంజానియాలోని కిగోమాలో ఉంటాను. మూడు ఆదివారాలుగా రాత్రిపూట టార్చితో టాంగన్యికా సరస్సు ఒడ్డున రాళ్ల మధ్య వెతుకుతున్నాను. ఒక్క నీటి తాచూ కనపడలేదు.

జవాబు: పగలు వెళ్లండి బ్రదర్. అది చేపల వేటకు ఎక్కువగా పగలే తిరుగుతుంది, మిగతా సమయం రాళ్ల సందుల్లోనే. జాంబియా వైపు ఎంపులుంగులో నాలుగు రోజులు తిరిగాను. ఐదో రోజు పొద్దున, అలల్లేని నీళ్లలో బండ పక్కనే తల లేచింది. మెడ మీద నల్లని పట్టీలు! ఎంత అందమో. ఊపిరికి పైకి రాక తప్పదు కాబట్టి, తిరగడం మాని ఒకచోట కదలకుండా కూర్చోండి.

ప్రశ్న: మరి రాత్రి ఒక చిన్న పాము కనిపించిందే?

మరొకరు: ఆ సరస్సులోనే ఉండే, విషం లేని నీటిపాము కావచ్చు. అది రాత్రే తిరుగుతుంది. అయినా సందుల్లో చేయి పెట్టకండి, తాచు విషం నరాల మీద పనిచేస్తుంది.