ఉద్యోగం తీసింది యంత్రమైతే కోపం దిగుమతుల మీదికెందుకు?

వడుకురాట్నం: అమెరికాలో 2000లో ఫ్యాక్టరీ ఉద్యోగాలు సుమారు 1.73 కోట్లు. 2010 మొదటికి 1.15 కోట్లు. అయినా ఎన్నికల్లో నిందంతా చైనా సరుకు మీదే, రోబోల ఊసే తక్కువ. కార్మికులను నాయకులు పక్కదారి పట్టించారనే అంటాను.

గణాంకం: వడుకురాట్నం గారూ, ఆ మాట కార్మికులకు అన్యాయం. చైనా 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో చేరింది. చైనా దిగుమతుల పోటీ వల్ల 1999-2011 మధ్య 20 నుంచి 24 లక్షల ఉద్యోగాలు పోయాయని ఆర్థికవేత్తలు అసెమోగ్లు, ఆటర్ బృందం 2016లో లెక్కగట్టింది. ఫర్నిచర్, బట్టల మిల్లులే ఆధారమైన ఊళ్లు ముందు కూలాయి. మిల్లు మూతపడితే ఊరంతా చూస్తుంది. రోబో వచ్చినప్పుడు చాలాచోట్ల ఎవరినీ గెంటరు, రిటైరైనవారి ఖాళీ నింపరు, అంతే. జర్మనీలో 1994-2014 లెక్కలూ ఇదే చెప్పాయి: ఒక్కో రోబోకు ఫ్యాక్టరీలో దాదాపు రెండు ఉద్యోగాలు తగ్గాయి, సేవారంగం ఆ లోటు పూడ్చింది. పాతవాళ్లు ఎక్కువగా అదే సంస్థలో వేరే పనికి మారారు. దెబ్బ తిన్నది గేటు లోపలికే రాని కుర్రకారు. వాళ్ల తరఫున అడిగే యూనియన్ ఏది?

వడుకురాట్నం: చట్టం సంగతో? అమెరికాలో 1962 నాటి ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్ పథకం కింద, పని పోవడానికి విదేశీ పోటీ కారణమని తేలితేనే శిక్షణ, భత్యం. యంత్రం వల్ల పోతే ఏమీ లేదు. దేన్ని నిందిస్తే సాయం దొరుకుతుందో ప్రభుత్వమే నేర్పింది. 2022 జులై నుంచి కొత్త దరఖాస్తులూ తీసుకోవడం లేదు.

రేవుగట్టు: ఇద్దరూ బేరం సంగతి వదిలేశారు. యంత్రం గురించి యజమానితో కూర్చుని మాట్లాడొచ్చు. దిగుమతి గురించి మాట్లాడాలంటే ప్రభుత్వమే దిక్కు, అందుకే అది ఓటుగా మారుతుంది. 1960లో అమెరికా పశ్చిమ తీర రేవుల యూనియన్ యంత్రాలకు ఒప్పుకుని, బదులుగా ఏటా సుమారు 50 లక్షల డాలర్ల నిధి, లేఆఫ్‌లు ఉండవనే హామీ సాధించింది. రెండో శ్రేణి కూలీలకు మాత్రం ఆ హామీ దక్కలేదు. ఇప్పుడు యూనియన్ చేసుకునే ఒప్పందంలో నాలుగు క్లాజులు కావాలి: యంత్రం కొనకముందే నోటీసు, పని మారినా పాత వేతనం, యంత్రం మరమ్మతు మన సభ్యులకే, ఖాళీల్లో ఇన్ని భర్తీ చేస్తామన్న నిష్పత్తి. బేరంలో ముందు జారిపోయేది నాలుగోదే. ఒప్పందం మీద ఓటు వేసేది ఉన్న సభ్యులు కదా.

గణాంకం: ఆ నాలుగోదాన్ని జీతాల పెంపుతో ఒకే ఓటులో పెట్టకుండా విడిగా పెట్టాలి. కలిపితే పెంపు కోసం దాన్ని వదులుకుంటారు.