విశాఖలో అయిదు రోజులు, తొమ్మిదేళ్ళ మనవడితో పగలంతా నేనొక్కడినే. ఏం చేయమంటారు?

సాలూరు తాత:

అందరికీ నమస్కారం. నాది సాలూరు. ఆర్టీసీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కండక్టరుగా చేసి దిగిపోయాను. ఇప్పుడు 68.

మా అబ్బాయి, కోడలు విశాఖలో మధురవాడ దగ్గర ఫ్లాట్లో ఉంటారు. ఇద్దరూ ఉద్యోగస్తులే. ఏటా వేసవిలో మా ఆవిడ వెళ్ళి వారం పది రోజులు మనవడి దగ్గర ఉండి వస్తుంది. నేను తనని దింపి, ఓ పూట భోజనం చేసి, సాయంత్రం బస్సుకి వచ్చేస్తాను. ఈ ఏడు తనకి కంట్లో శుక్లం తీశారు, ప్రయాణం వద్దన్నారు. తోడుగా వాళ్ళ చెల్లెలు వచ్చింది. గుంటడేమో ఫోన్లో "నానమ్మ రాకపోతే తాతైనా రావాలి" అని పట్టు పట్టాడు. ఆ "తాతైనా" అన్నమాటకి మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది.

ఆదివారం వెళ్తాను, శనివారం వచ్చేస్తాను. మధ్యలో అయిదు రోజులు పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఇంట్లో వాడూ నేనూ. అదీ నా టెన్షన్. వాడితో నేను ఒకసారి కూడా అరపూట గడపలేదు.

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌ బస్టాండులో నేను దిగినన్నిసార్లు మీలో ఎవరూ దిగి ఉండరు. కానీ దిగి ఏం చేసేవాళ్ళం? లెక్క చూసుకోవడం, టీ తాగడం, డబ్బా విప్పి నాలుగు ముద్దలు తినడం, మళ్ళీ "విజయనగరం, సాలూరు" అని అరవడం. ఊరంతా కిటికీలోంచి చూసిందే. సముద్రం దగ్గరికి మహా అయితే నాలుగుసార్లు వెళ్ళుంటాను, అందులో రెండు కార్తీకమాసం స్నానాలు.

వాడికి సబ్‌మెరైన్ చూడాలట, జూ చూడాలట. మా ఆవిడేమో సింహాచలం మెట్లెక్కి దండం పెట్టి రమ్మంది, ఆపరేషన్ ముందు మొక్కుకుందట. మొక్కు తనది, మోకాలు నాది. ఎక్కడం పరవాలేదు, దిగేటప్పుడే కుడి మోకాలు పీకేస్తుంది. ఎండ సంగతీ చెప్పండి. మా వైపు నీడకి వెళ్తే ప్రాణం లేచొస్తుంది. విశాఖలో నీడన కూర్చున్నా చొక్కా పిండుకోవాల్సిందే కదా.

ఇంకొకటి, సిగ్గు విడిచి అడుగుతున్నాను. పెరట్లో పనసపండు ఒకటి దిగింది, తీసుకెళ్ళమంటోంది. నా సర్వీసులో పనసపండుతో ఎక్కినవాళ్ళతో ఎన్ని గొడవలు పడ్డానో! లగేజీ టికెట్ కొట్టకుండా వదిలింది లేదు. ఇప్పుడదే పండుతో నేనెక్కితే మా డిపో కుర్రాళ్ళు ఊరుకుంటారా? దానికి తోడు బెల్లం ఆవకాయ జాడీ ఒకటి.

ఎంవీపీ కాలనీ వాసి:

బాబాయ్ గారూ, ముందు ఒక ముఖ్యమైన సంగతి. సోమవారం జూకి సెలవు, సబ్‌మెరైన్‌కీ సెలవే. తొలిరోజే పిల్లాణ్ణి తీసుకెళ్ళి గేటు దగ్గర నిలబెట్టకండి. నేను ఆ పని చేసి, వాడు ఏడుస్తుంటే రెండు ఐస్‌క్రీములు కొనిచ్చాను.

జూ మీకు దగ్గరే, హైవే మీదే గేటు. తెరిచిన వెంటనే వెళ్ళండి. పదకొండు దాటితే పులి సహా అన్నీ నీడకి చేరి పడుకుంటాయి. సబ్‌మెరైన్ ఆర్కే బీచ్‌లో ఉంది, పేరు కుర్సురా. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరయి, 2002 నుంచి మ్యూజియంగా నిలబడింది. అదీ ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసే, మీలాగే! లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతల్లోంచి దూరాలి. ముందు కాలు పెట్టి, తర్వాత తల వంచి, నిదానంగా వెళ్ళండి. సాయంత్రం వెళ్తే ఎండా ఉండదు, రోడ్డుకి అవతల ఉన్న టీయూ 142 విమానం కూడా చూసేయొచ్చు. బయట మురీ మిక్చర్ తినకుండా రావద్దు.

ఎండ గురించి. మామూలు రోజుల్లో మధ్యాహ్నం సముద్రం గాలి వస్తుంది, చెమట తప్ప బాధ లేదు. పడమటి గాలి తోలిన రోజు మాత్రం ఆ గాలి రాదు, ఊరు పెనంలా కాలుతుంది. పొద్దున్న పదికే చెమట పట్టకుండా వేడిగాలి కొడుతోందంటే ఇంట్లోనే ఉండిపోండి.

పెందుర్తి కోడలు:

మామయ్య గారూ, మెట్ల సంగతికి మందు మీ మాటలోనే ఉంది. దిగేటప్పుడే కదా నొప్పి! కొండ కింద మొదటి మెట్టు, అదే తొలిపావంచా, దగ్గర దండం పెట్టుకుని మెట్ల మీద ఎక్కండి, దర్శనమయ్యాక కొండ మీది నుంచి బస్సులో దిగిపోండి. ఎక్కితే మొక్కు తీరినట్టే. వెయ్యి మెట్ల పైనే ఉంటాయి కాబట్టి తెల్లారి ఆరింటికే మొదలుపెట్టాలి. పిల్లాడు ముందు పరిగెడతాడు, పరిగెత్తనివ్వండి, పై మలుపులో కూర్చుని మీకోసం చూస్తాడు. అక్షయతృతీయ అయిపోయింది కాబట్టి నిజరూపం ఉండదు, స్వామి చందనంలోనే కనిపిస్తారు. సంపెంగలు కనిపిస్తే అత్తయ్య గారికి కొనండి. వాడిపోయినా వాసన ఉంటుంది.

పనసపండు మొత్తంగా తేకండి. అక్కడే చేతులకి నూనె రాసుకుని కోసి, తొనలు స్టీలు డబ్బాలో సర్దండి. గింజలు పారేయకండి. ఆవకాయ జాడీ అంచు దాకా నింపొద్దు, రెండు వేళ్ళ ఖాళీ వదలండి. ముందు ప్లాస్టిక్ కాగితం, దాని మీద పాత పంచె ముక్కతో వాసెన గట్టిగా కట్టి, చిన్న బకెట్లో నిలబెట్టి, చుట్టూ తువ్వాలు కుక్కండి. బస్సులో ఒళ్ళో పెట్టుకోవద్దు, కాళ్ళ మధ్య పెట్టుకోండి.

కోడలిగా ఒక్క మాట. టీవీ ఎంతసేపు, ఫోను ఎంతసేపు, ఐస్‌క్రీమ్ ఉందా లేదా, ఇవన్నీ ఆదివారం రాత్రే మీ కోడలిని అడిగేయండి. మా మామగారు అడక్కుండా మా వాడికి రోజూ కూల్‌డ్రింక్ తాగించారు. నేను పైకి ఏమీ అనలేదు. అదే తప్పయింది, ఇద్దరం నెల్లాళ్ళు ముభావంగా ఉన్నాం.

తగరపువలస:

రోజుకొక ప్రోగ్రాం పెట్టకండి సార్. మా నాన్నగారు అలాగే తిప్పి నాలుగో రోజుకి మంచం ఎక్కారు. ఒకరోజు బయట, ఒకరోజు ఇల్లు. భీమిలి మాత్రం చూడండి. రుషికొండ మీదుగా 900కె సిటీబస్సు వెళ్తుంది, దారంతా సముద్రమే. దీపస్తంభం, ఒలందుల (డచ్చివాళ్ళ) సమాధులు, గోస్తని సముద్రంలో కలిసే చోటు, అన్నీ ఒక పూటలో అయిపోతాయి. పిల్లాణ్ణి నీళ్ళలోకి మాత్రం దింపొద్దు, పైకి ప్రశాంతంగా ఉన్నా కింద లాగుతుంది.

సాలూరు తాత:

వెళ్ళొచ్చాను. అందరికీ పేరుపేరునా దండాలు. జరిగింది చెప్తాను.

సోమవారం అన్నీ బందే కదా, ఇంట్లోనే ఉన్నాం. పది కొట్టేసరికి వాడికీ తోచలేదు, నాకూ తోచలేదు. "తాతా, నువ్వు కండక్టరప్పుడు ఏం చేసేవాడివి?" అన్నాడు. చెప్తే అర్థం కాలేదు. సరే అని భోజనాల బల్ల కుర్చీలు ఆరూ హాల్లో రెండు వరసలు వేశాను. గంట ఒకటి కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. గంట లేదు, గ్లాసూ చెంచా ఉన్నాయి. పాత క్యాలెండరు చింపి టికెట్లు చేశాం. వాడి బిజినెస్ ఆట నోట్లు నిలువుగా మడిచి వేళ్ళ సందుల్లో పెట్టుకోవడం నేర్పాను. పది ఈ సందులో, ఇరవై ఆ సందులో, యాభై చూపుడువేలు పక్కన. చిన్న వేళ్ళు కదా, జారిపోయేవి. మధ్యాహ్నానికి పట్టుబడింది. సాలూరు, రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం, ఆనందపురం, మధురవాడ. సాయంత్రానికి వాడికి రూటంతా నోటికొచ్చేసింది.

ఆరున్నరకి కోడలు తలుపు తీసింది. హాలు నిండా కుర్చీలు, నేల నిండా క్యాలెండరు ముక్కలు. నాకు గుండె గుభేలుమంది. ఆ పిల్ల చెప్పులైనా విప్పకుండా వెనక కుర్చీలో కూలబడి "రామభద్రపురం ఒకటి" అంది. వీడు "చిల్లర ఉండాలమ్మా" అన్నాడు. ఆ మాట నేను నేర్పలేదు.

మంగళవారం జూ. బుధవారం మధ్యాహ్నం దాకా నిద్ర, సాయంత్రం సబ్‌మెరైన్. నుదురు ఒకసారి కొట్టుకున్నాను, చెప్పినా వినలేదు కాబట్టి నాదే తప్పు. లోపల మాకు చూపించినాయన నేవీలో చేసి దిగినాయనే. ఒకరి మీద ఒకరు పడుకునే ఆ బల్లలు చూసి "ఇందులో స్టాండింగ్‌కి కూడా చోటు లేదు కదండీ" అంటే, ఆయన నవ్వి "మీరు ఆర్టీసీయా?" అని అడిగాడు.

గురువారం సింహాచలం. ఎక్కేశాను. రెండు చోట్ల కూర్చున్నాను, మూడో చోట వాడు కూర్చోబెట్టాడు. బస్సులో దిగాం.

శుక్రవారం భీమిలి. ఆ 900కె మధ్యలో ఎక్కితే వీడికి కుదరదట, మొదటి స్టాపు నుంచే కావాలట. అందుకని రైల్వే స్టేషన్‌కి వెళ్ళి ఎక్కాం. సముద్రం కుడివైపు కిటికీలో కనిపిస్తూ ఉంటే వీడు దాని వంక చూడడే! కండక్టరు చేతి వంకే చూస్తున్నాడు. ఇప్పుడన్నీ మిషన్ టికెట్లు కదా, వేళ్ళ సందుల్లో నోట్లు లేవని బాధపడ్డాడు. దీపస్తంభం దగ్గర పది నిమిషాలు కూడా ఉండనివ్వలేదు, తిరుగు బస్సు ఎక్కాలని గొడవ. ఒలందుల సమాధులు చూడనే లేదు.

సంపెంగలు దొరకలేదు. మా ఆవిడకి చెప్పాను, నమ్మలేదు.

పెందుర్తి అమ్మా, తొనలు మీరు చెప్పినట్టే తీసుకెళ్ళాను, జాడీ చుక్క కారలేదు. గింజలు కోడలు కూర వండిందట, మళ్ళీ కావాలంటోంది. చెట్టుకి ఇంకో రెండు కాయలున్నాయి. ఈసారి పార్సిల్‌లో వేస్తాను, లగేజీ చార్జీ కట్టి మరీ.