హాస్కెల్: టెస్టు తప్పినా క్యాబల్ పాస్ అంటోంది, ఎందుకు?

పెన్నా_గట్టు (నెల్లూరు)
అన్నలకి, అక్కలకి నమస్తే. ధాన్యం లెక్కకి ప్రోగ్రామింగ్ భాష హాస్కెల్‌లో చిన్న ప్రోగ్రాం రాస్తున్నా. క్వింటా ధర ఇస్తే పుట్టికి, అంటే మన 850 కిలోలకి, ఎంతొస్తుందో చెప్పాలి. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర 2,369 రూపాయలు కాబట్టి 20,136.50 రావాలి. హెచ్‌యూనిట్ (టెస్టులు రాసే లైబ్రరీ) తప్పు పట్టుకుంటుందో లేదో చూద్దామని కావాలనే 25,000 రావాలని రాశా. అయినా క్యాబల్ టెస్ట్ (బిల్డ్ టూల్ క్యాబల్‌లో టెస్టులు నడిపే కమాండ్) కొడితే పాస్ అంటోంది. మెయిన్‌లో రన్‌టెస్ట్‌టీటీ (టెస్టులు నడిపే ఫంక్షన్) ఒక్కటే ఉంది. ఇంకోటి, టెస్టుకి నా ధర మాడ్యూల్ కనపడకపోతే ఆ ఫైలుని టెస్ట్ ఫోల్డర్లోకి కాపీ చేశా. అట్లా చెయ్యొచ్చా?

ఒంగోలు_కోడర్
తమ్ముడూ, నీ టెస్టు ఫెయిలయ్యే ఉంటుంది, ఆ సంగతి క్యాబల్‌కి చేరలేదు. క్యాబల్ ఫైల్లో టెస్ట్-సూట్ టైపు ఎగ్జిట్‌కోడ్-ఎస్‌టీడీఐఓ-1.0 అయితే క్యాబల్ చూసేది ప్రోగ్రాం ముగిసినప్పటి కోడ్ ఒక్కటే. సున్నా అయితే పాస్. రన్‌టెస్ట్‌టీటీ ఎన్ని తప్పాయో లెక్కపెట్టి ఆ లెక్కని తిరిగిస్తుందే గానీ ప్రోగ్రాంని ఫెయిల్ చెయ్యదు. దాని బదులు రన్‌టెస్ట్‌టీటీ‌అండ్‌ఎగ్జిట్ పెట్టు. నీ వెర్షన్లో అది లేకపోతే, తిరిగొచ్చిన లెక్కలో ఎర్రర్స్, ఫెయిల్యూర్స్ కలిపి సున్నా కంటే ఎక్కువుంటే సిస్టమ్.ఎగ్జిట్‌లోని ఎగ్జిట్‌ఫెయిల్యూర్ పిలువు.

పాసైన సూట్ అవుట్‌పుట్‌ని క్యాబల్ తెరమీద చూపించదు, లాగ్ ఫైల్లో దాస్తుంది. అందుకే నీకు తెలియలేదు. టెస్ట్-షో-డీటెయిల్స్‌ని డైరెక్ట్ అని ఇచ్చి నడుపు.

కావలి_లాంబ్డా
కాపీ మాత్రం వద్దు. రేపు అసలు ఫైల్లో సూత్రం మారిస్తే టెస్టు పాత కాపీనే చూస్తుంటుంది. ధర మాడ్యూల్‌ని లైబ్రరీ భాగంలోకి మార్చి, ఎక్స్‌పోజ్డ్-మాడ్యూల్స్‌లో దాని పేరు రాయి. టెస్ట్-సూట్ బిల్డ్-డిపెండ్స్‌లో (కావాల్సిన ప్యాకేజీల జాబితా) బేస్, హెచ్‌యూనిట్‌తో పాటు నీ ప్యాకేజీ పేరు కూడా ఉండాలి. హెచ్‌యూనిట్‌ని లైబ్రరీ కింద రాస్తే చాలదు, ఏ భాగానికి ఆ భాగం విడిగా అడుగుతుంది. లేకపోతే హిడెన్ ప్యాకేజీ అని ఆగిపోతుంది. ఆ ఎర్రర్ చూసి చాలామంది క్యాబల్ ఇన్‌స్టాల్‌కి లిబ్ ఆప్షన్ తగిలిస్తారు. ప్రాజెక్టు బిల్డుకి దానివల్ల ఉపయోగం లేదు.

పెన్నా_గట్టు
రెండూ మార్చా, ఇప్పుడు ఫెయిల్ చూపిస్తోంది. 25,000 తీసేసి సరైన అంకె పెట్టినా తప్పంటోంది: 20,136 వస్తోంది. క్వింటా ధరని 17తో గుణించి డివ్ 2 (పూర్ణాంక భాగహారం) చేస్తున్నా.

ఒంగోలు_కోడర్
40,273ని డివ్‌తో సగం చేస్తే అర్ధరూపాయి పోతుంది. అట్లాగని దశాంశాల టైపు డబుల్‌కి పోవద్దు, 23.69 లాంటి అంకె బైనరీలో కచ్చితంగా నిలవదు, సమానమా అని పోల్చే టెస్టు ఏదో ఒకరోజు తప్పుతుంది. క్వింటా అంటే 100 కిలోలు, రూపాయంటే 100 పైసలు. కాబట్టి క్వింటాకి 2,369 రూపాయలంటే కిలోకి 2,369 పైసలే. పూర్ణాంకాల టైపు ఇంట్‌లోనే 850ని 2,369తో గుణించు, 20,13,650 పైసలు. భాగహారమే అక్కర్లేదు. రూపాయల్లోకి మార్చడం ప్రింట్ చేసేటప్పుడు చూసుకో.

కావలి_లాంబ్డా
మైనస్ కిలోలిస్తే ఎర్రర్ రావాలనే టెస్టు కూడా రాస్తావు కదా, అక్కడ జాగ్రత్త. ట్రై (ఎర్రర్‌ని పట్టే ఫంక్షన్) లోపల రిటర్న్ పెడితే హాస్కెల్ ఆ విలువని అప్పుడే లెక్కకట్టదు, ఎర్రర్ ట్రై దాటాక ఎక్కడో పేలుతుంది. రిటర్న్ బదులు కంట్రోల్.ఎక్సెప్షన్‌లోని ఎవాల్యుయేట్ వాడు. ఫలితం టైపులో ఎర్రర్‌కాల్ అని రాయకపోతే ఏ ఎక్సెప్షన్ పట్టాలో తెలీక కంపైలరే ఆపేస్తుంది.